దస్తావేజు తాతగారిది, పాసుపుస్తకం నాన్నగారిది, సాగు బాబాయిది: పొలానికి ఓనర్ ఎవరు?

మీ ప్రశ్న సారాంశం ఇది. తాతగారు 1978లో 4 ఎకరాల పొలం సొంత సంపాదనతో, రిజిస్టర్డ్ క్రయ దస్తావేజు మీద కొన్నారు. 1999లో వీలునామా రాయకుండా పోయారు. నాయనమ్మగారు 2010లో కాలం చేశారు, ఆవిడా ఏమీ రాయలేదు. పిల్లలు ముగ్గురు: మీ నాన్నగారు, బాబాయి, మేనత్త. పాసుపుస్తకం, 1-బి (రెవెన్యూ ఆఫీసు భూమి రికార్డు) మీ నాన్నగారి ఒక్కరి పేరు మీదే ఉన్నాయి. 18 ఏళ్లుగా దున్నుతున్నది మాత్రం బాబాయి. ఇప్పుడు నాన్నగారు 2 ఎకరాలు అమ్ముదామంటున్నారు, కొనే ఆయన "జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే అధికార పత్రం) రాసివ్వండి చాలు" అంటున్నాడు. ఓనర్ ఎవరు, అమ్మవచ్చా అని అడిగారు.

ముగ్గురూ ఓనర్లే, సమానంగా. ఒక్కొక్కరిది 1 ఎకరం 33⅓ సెంట్లు. మీ నాన్నగారు ఒక్కరే సంతకం పెట్టి 2 ఎకరాలు అమ్మలేరు. జీపీఏ తీసుకున్నాయన ఎన్ని లక్షలు ఇచ్చినా ఓనర్ కాడు.

ఆ లెక్క ఎలా వచ్చిందో చెబుతాను. సొంత సంపాదనతో కొన్న ఆస్తిని వీలునామా లేకుండా వదిలిపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ వర్తిస్తుంది. భార్య, కొడుకులు, కూతుళ్లు, చనిపోయినాయన తల్లి బతికి ఉంటే ఆవిడ కూడా, అందరూ ఒకే వరసలో సమానంగా తీసుకుంటారు. తాతగారి తల్లి 1999 నాటికి లేరనుకుని లెక్కిస్తున్నాను. అప్పుడు వాటాదారులు నలుగురు, మనిషికి 1 ఎకరం. నాయనమ్మగారి ఎకరం 14వ సెక్షన్ కింద పూర్తిగా ఆవిడ సొంతం. 2010లో ఆవిడ పోయాక 15వ సెక్షన్ ప్రకారం ముగ్గురు పిల్లలకూ మూడో వంతు చొప్పున వెళ్లింది. మొత్తం మనిషికి 133⅓ సెంట్లు, అంటే దాదాపు 6,453 చదరపు గజాలు. తెలంగాణ కొలతలో 1 ఎకరం, దానిపైన 13⅓ గుంటలు. నాయనమ్మగారు తన ఎకరానికి ఎవరి పేరనైనా వీలునామా రాసి ఉంటే, అది తెల్లకాగితం మీద ఇద్దరు సాక్షుల సంతకాలతో ఉన్నా సరే, ఈ లెక్క మారిపోతుంది. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అందుకే "ఏమీ రాయలేదు" అన్న మాటను ఇంట్లో అందరి దగ్గరా ఒకసారి ఖాయం చేసుకోండి.

ఇక్కడ రెండు అపోహలు. మొదటిది "అత్తకు 1985కు ముందే పెళ్లయింది కాబట్టి వాటా రాదు" అన్నది. పెళ్లి తేదీ ప్రశ్న వచ్చేది ఉమ్మడి కుటుంబ పిత్రార్జితం విషయంలో. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లి కాని కూతుళ్లకే పిత్రార్జితంలో జన్మహక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ ఆ షరతు తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండనక్కర్లేదని వినీతా శర్మ కేసులో 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే తాతగారి స్వార్జితానికి ఈ చర్చే అవసరం లేదు. 1956 నుంచీ కూతురు కొడుకుతో సమాన వారసురాలు. చాలా ఇళ్లలో మేనత్తను సంతకం కోసమే పిలుస్తారు, చీర పెట్టి పంపుతారు. చట్టం దృష్టిలో ఆవిడ ఈ పొలంలో మూడో వంతు యజమానురాలు, ఆ దృష్టితోనే ఆవిడతో మాట్లాడాలి.

రెండోది "తాత ఆస్తి కాబట్టి మనవడికి పుట్టుకతో హక్కు" అన్నది. 8వ సెక్షన్ కింద కొడుక్కి వచ్చిన వాటా అతని సొంత ఆస్తి అని సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో చెప్పింది. మీ నాన్నగారు ఉన్నంతకాలం ఆ 133⅓ సెంట్లలో మీకు హక్కు లేదు. ఆయన వాటా ఆయన అమ్ముకుంటానంటే మీ సంతకం కూడా చట్టరీత్యా అక్కర్లేదు. 1978లో పొలం కొన్న డబ్బు ముత్తాత నాటి ఉమ్మడి ఆస్తి అమ్మగా వచ్చిందని ఎవరైనా నిరూపిస్తే మాత్రం కథ వేరు. ఆ నిరూపణ భారం అలా అన్నవారిదే.

ఇప్పుడు అసలు సంగతి, ఓనర్ అంటే ఏమిటి? యాజమాన్యం ఒకే హక్కు కాదు. వాడుకోవడం, పంట తినడం, ఇతరులను రానివ్వకపోవడం, కౌలుకివ్వడం, తనఖా పెట్టడం, అమ్మడం, దానమివ్వడం, వీలునామా రాయడం, ఇన్ని హక్కులు కలిసి యాజమాన్యం. వీటిలో కొన్నిటిని విడదీసి ఇంకొకరికి ఇచ్చినా యజమాని యజమానే. ఒక పొలాన్ని ఐదేళ్లకు కౌలుకిచ్చారు, అదే పొలం బ్యాంకులో తనఖాలో ఉంది, వెనక రైతుకు దానిగుండా బండిదారి ఉంది అనుకోండి. యజమాని చేతిలో ఈరోజుకు ఏమీ లేనట్టే కనిపిస్తుంది. కానీ కౌలు గడువు తీరితే అనుభవం ఆయనకే తిరిగొస్తుంది, బాకీ తీరితే తనఖా పోతుంది. అందరి హక్కులూ తీరాక మిగిలినదంతా ఎవరి దగ్గరికి చేరుతుందో ఆయనే యజమాని. ఎవరి దగ్గర ఏ కాగితం ఉంది, ఎవరు దున్నుతున్నారు అన్నవాటికంటే ఈ పరీక్ష నమ్మకమైనది.

యజమానికి అన్నీ వస్తాయనీ కాదు. వెనక రైతు 20 ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా, బహిరంగంగా, హక్కుగా నడిచిన దారిని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కాపాడుతుంది. బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. ప్రజావసరానికి ప్రభుత్వం భూమి తీసుకోవచ్చు. ఆస్తి హక్కు 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణతో ప్రాథమిక హక్కుల జాబితా నుంచి బయటికి వచ్చి 300-ఏ అధికరణంలో చేరింది. కాబట్టి చట్ట ప్రకారమే తీసుకోవాలి, ఊరికే లాక్కోకూడదు.

మీ దగ్గరున్న మూడు ఆధారాలు, అంటే దస్తావేజు, పాసుపుస్తకం, స్వాధీనం, ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతాయి. గొడవలన్నీ ఒకదాని పని ఇంకోదానికి అంటగట్టడం వల్లే వస్తాయి.

దస్తావేజు చెప్పేది ఒక బదిలీ జరిగిందని. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం 100 రూపాయలు, ఆపైన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజుతోనే జరగాలి. ఆ కాలపు 100 రూపాయలే ఇప్పటికీ చట్టంలో ఉంది, అంటే ఆచరణలో ప్రతి అమ్మకమూ అని. కానీ సబ్‌రిజిస్ట్రార్ చూసేది రాసిచ్చిన మనిషి ఆ మనిషేనా, స్టాంపు సరిపోయిందా, ప్రభుత్వం రిజిస్టర్ చేయొద్దన్న భూముల నిషేధిత జాబితాలో ఉందా వంటివే. అమ్మేవాడికి నిజంగా హక్కుందో లేదో ఆయన తీర్పు చెప్పడు. 2025లో తమిళనాడుకు చెందిన కె.గోపి కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పి, అమ్మేవారి హక్కు పత్రాలు చూపలేదని రిజిస్ట్రేషన్ తిరస్కరించే అక్కడి నిబంధనను కొట్టేసింది. తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరు. మీ నాన్నగారు రేపు 2 ఎకరాలకు సేల్ డీడ్ రాస్తే రిజిస్ట్రేషన్ అయిపోవచ్చు కూడా, పాసుపుస్తకం ఆయన పేరు మీదే ఉంది కాబట్టి. అయినా కొన్నాయనకు దక్కేది నాన్నగారి వాటా 133⅓ సెంట్లే, అదీ విడదీయని వాటాగా. మిగతా 66⅔ సెంట్లకు ఆ దస్తావేజు బాబాయినీ, అత్తనూ కట్టిపడేయదు.

పాసుపుస్తకం రెవెన్యూ రికార్డు. 1971 నాటి చట్టం కింద 1-బిలో ఉన్న పేరు సరైనదనే అనుకుంటారు, కానీ తప్పని రుజువయ్యేవరకే. మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్పు, హక్కును పుట్టించదు, పోగొట్టదు, శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో చెబుతుంది అని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. తాతగారు పోయాక పెద్దకొడుకు పేరు ఎక్కించడం పల్లెల్లో మామూలే, లోను, ఎరువుల సబ్సిడీ ఒకరి పేరు మీద ఉంటే తేలికని. ఆ సౌకర్యం యాజమాన్యమైపోదు. మన దేశంలో ఏ కాగితానికీ 'ఇదే తుది హక్కు' అని ప్రభుత్వం హామీ ఇవ్వదు. అలాంటి హామీ వైపు వెళ్లాలని ఆంధ్రప్రదేశ్ 2022లో భూ హక్కుల చట్టం చేసింది, 2024లో దాన్ని రద్దు చేసింది. తెలంగాణలో 2020 నాటి ధరణి చట్టం స్థానంలో 2025లో భూభారతి చట్టం వచ్చింది. పోర్టల్ పేరు మారినా హక్కు తగాదా చివరికి తేల్చేది సివిల్ కోర్టే.

స్వాధీనం ఒక వాస్తవం. చట్టం దాన్నీ గౌరవిస్తుంది. అసలు యజమాని కూడా కూర్చున్నవాణ్ని బలవంతంగా గెంటకూడదు. అలా గెంటితే ఆరు నెలల లోపు వేసే దావాలో, హక్కు ఎవరిదన్న ప్రశ్నే లేకుండా, స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు. అయితే బాబాయి 18 ఏళ్ల సాగు ఆయన్ను పూర్తి యజమానిని చేయదు. పరాయివాడు 12 ఏళ్లు బహిరంగంగా, యజమాని హక్కును కాదంటూ అనుభవిస్తే 1963 నాటి కాలపరిమితి చట్టం కింద యజమాని హక్కు పోతుంది, ప్రభుత్వ భూమికైతే 30 ఏళ్లు. వాటాదారుల మధ్య మాత్రం ఒకరి స్వాధీనం అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. బాబాయి "మీకు వాటా లేదు, ఇదంతా నాదే" అని అందరికీ తెలిసేలా ఎదురుతిరిగిన రోజు నుంచే 12 ఏళ్లు లెక్కవుతాయి. శిస్తు తానే కట్టడం, పంట తానే తినడం అందుకు చాలవు. కాబట్టి ఆయన ఎప్పుడైనా అలా లాయర్ నోటీసు ఇచ్చారా, పంచాయితీలో అన్నారా అని కనుక్కోండి. ఇచ్చి ఉంటే ఆ తేదీ మీకు అన్నిటికంటే ముఖ్యం. బాబాయి దగ్గర 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కార్డు ఉందని భయపడక్కర్లేదు. అది పంట మీద హక్కు, భూమి మీద కాదు.

ఇక జీపీఏ. అది ఒక పని చేసిపెట్టమని ఇచ్చే అధికారం. బదిలీ కాదు. 2011 అక్టోబర్‌లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు, అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా మూడూ కలిపి రాసుకున్నా అది అమ్మకం కాదని స్పష్టంగా చెప్పింది. మామూలు జీపీఏ, రాసిచ్చినాయన పోతే ఆయనతోపాటే చస్తుంది. సేల్ అగ్రిమెంటు కూడా భూమిలో హక్కు ఇవ్వదు, అమ్మించమని అడిగే హక్కు ఇస్తుంది, దానికీ మూడేళ్లలో దావా వేసుకోవాలి. అగ్రిమెంటుతో పొలం అప్పగించుకుని కూర్చున్నాయన, ఆస్తి బదిలీ చట్టం 53-ఏ సెక్షన్ కింద తన స్వాధీనాన్ని కాపాడుకోవాలంటే 2001 సెప్టెంబర్ 24 తర్వాతి అగ్రిమెంటు రిజిస్టరై ఉండాలి. కొనే ఆయన జీపీఏ ఎందుకు అడుగుతున్నాడో కూడా ఆలోచించండి. వాటాదారుల సంతకాలు కుదరవని ఆయనకు ముందే తెలిసి ఉండొచ్చు. లేదా తన పేరు మీద రిజిస్ట్రేషన్ లేకుండానే ఇంకొకరికి అమ్మేసే ఆలోచన కావచ్చు. ఆ మూడో మనిషి రేపు కోర్టుకెక్కితే సమాధానం చెప్పుకోవాల్సింది మీ నాన్నగారే.

సరైన దారి భాగ పరిష్కారం, అంటే ఎవరి వాటా వారికి ముక్కగా పంచుకోవడం. వరస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి క్రమంలో చెబుతాను.

మొదట 1978 దస్తావేజు అసలు దొరకకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు తీసుకోండి. ఆన్‌లైన్ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచే వస్తుంది, 1978 నుంచి 1982 వరకు చేతిరాత ఇండెక్సులు వెతికించాలి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. రిజిస్టర్ కాని వీలునామా, నోటిమాట పంపకం, కోర్టులో నడుస్తున్న దావా అందులో ఉండవు. ఈసీ శుభ్రంగా ఉంటే తగాదా లేదని అర్థం కాదు. అదే సమయంలో సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. తాతగారు కొన్న భూమి మూలంలో డీ-పట్టా, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అని తేలితే 1977 చట్టం వల్ల ఆ 1978 కొనుగోలే ప్రశ్నలో పడుతుంది. అందుకే తాతగారికి అమ్మినాయనకు భూమి ఎలా వచ్చిందో చెప్పే లింకు డాక్యుమెంటు, ఆంధ్ర ప్రాంతంలో పాత ఆర్ఎస్ఆర్, తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డుల దాకా వెనక్కి వెళ్లి చూడటం మంచి పద్ధతి.

తర్వాత తాతగారి, నాయనమ్మగారి మరణ ధ్రువపత్రాలు, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ కోసం డబ్బు ఖర్చు పెట్టకండి, అది బ్యాంకు డిపాజిట్లకు, షేర్లకు, రావలసిన అప్పులకు. భూమికి కాదు.

మీ గ్రామంలో రీసర్వే అయి ఉంటే పాత సర్వే నంబరుకు బదులు ల్యాండ్ పార్సిల్ నంబరు వచ్చి ఉంటుంది. దస్తావేజులో పాతది, 1-బిలో కొత్తది. రెండూ ఒకటేనని చూపే కాగితం మండల సర్వేయర్ దగ్గర తీసుకోండి, లేకపోతే సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఆగిపోతారు. పొలం పక్కవాళ్లతో కలిపి జాయింట్ పార్సిల్‌గా పడి ఉంటే ముందు దాన్ని విడగొట్టించాలి. సర్వేయర్‌తో 4 ఎకరాలూ కొలిపించి మూడు ముక్కలకు స్కెచ్ వేయించండి. నేల మీద 3 ఎకరాల 90 సెంట్లే తేలితే ఆ తరుగును ముగ్గురూ పంచుకోవాలి, అది దస్తావేజులో రాయాలి. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన లేనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే బరువిస్తాయి కాబట్టి నాలుగు హద్దులూ ఇప్పటి పేర్లతో జాగ్రత్తగా రాయించండి. బోరు ఎవరి ముక్కలో ఉందో, మిగతా ఇద్దరికీ నీళ్లు ఎలానో, వెనక ముక్కకు దారి ఎన్ని అడుగులో కూడా రాసుకోండి. అన్నదమ్ముల మధ్య రెండో తరం గొడవలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి, ఎకరాల దగ్గర కాదు.

అప్పుడు ముగ్గురి సంతకాలతో భాగ పరిష్కార దస్తావేజు రిజిస్టర్ చేయించండి. కుటుంబ సభ్యుల మధ్య దీనికి స్టాంపు సుంకం అమ్మకం మీద కట్టేదానికంటే చాలా తక్కువ. ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం, దాన్ని ఇప్పుడు జ్ఞాపకంగా రాసుకుంటున్నాం అంటే ఆ కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ కాగితమే పంపకం చేస్తుంటే మాత్రం తప్పనిసరి. కొత్తగా పంచుకుంటూ పాత తేదీ మాట రాసి గట్టెక్కుదామనుకుంటే, మొదటి తగాదాలోనే ఆ కాగితం సాక్ష్యానికి పనికిరాకుండా పోతుంది.

మేనత్త "నాకొద్దు, అన్నదమ్ములే తీసుకోండి" అన్నా ఆ మాట చాలదు. స్థిరాస్తిలో వాటా వదులుకోవడమూ రిజిస్టర్డ్ విడుదల దస్తావేజుతోనే జరగాలి. ఆవిడకు డబ్బిస్తే ఆ మొత్తం దస్తావేజులో కనిపించాలి. ఒకవేళ అత్త బతికి లేకపోతే ఆవిడ భర్త, పిల్లలు అందరూ సంతకం పెట్టాలి. వాళ్లలో మైనర్ ఉంటే తండ్రి సంతకం ఒక్కటే చాలదు, 1956 నాటి మైనారిటీ, గార్డియన్ చట్టం 8వ సెక్షన్ కింద జిల్లా కోర్టు అనుమతి కావాలి. అది లేకుండా చేస్తే ఆ పిల్లాడు మేజరయ్యాక మూడేళ్లలో ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు.

రిజిస్ట్రేషన్ అయ్యాక మూడు ముక్కలకూ సబ్‌డివిజన్, మ్యుటేషన్, ముగ్గురికీ వేరువేరు పాసుపుస్తకాలు. ఆ తర్వాతే నాన్నగారు తన 133⅓ సెంట్లు అమ్ముకోవాలి. 2 ఎకరాలూ కావాలని కొనే ఆయన పట్టుబడితే మిగతా 66⅔ సెంట్లకు బాబాయో అత్తో కూడా ఆ సేల్ డీడ్‌లో అమ్మేవారిగా చేరాలి.

ఎవరైనా ఒప్పుకోకపోతే భాగ పరిష్కార దావా తప్పదు. నాన్నగారి పేరు మీదే రికార్డు ఉంది కాబట్టి ఒట్టి ఇంజంక్షన్ (అడ్డు రావద్దనే కోర్టు ఉత్తర్వు) దావా వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వాటా మీదే వివాదం ఉన్నప్పుడు, స్వాధీనం కూడా లేనప్పుడు ఇంజంక్షన్ దావా నిలవదు. దీని హద్దులు 2008లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అనాతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా గీసింది. దావాలో ముందు ఎవరి వాటా ఎంతో చెప్పే ప్రాథమిక డిక్రీ వస్తుంది. చాలామంది అక్కడితో అయిపోయిందనుకుని ఏళ్ల తరబడి ఊరుకుంటారు. ఫైనల్ డిక్రీ పిటిషన్ వేసి, అడ్వొకేట్ కమిషనర్ పొలం కొలిచి ముక్కలు చేశాక, ఆ తుది డిక్రీ స్టాంపు కాగితం మీద తీసుకుంటేనే ఎవరి ముక్క వారిదవుతుంది. దావా నడుస్తుండగా ఎవరు ఏ ముక్క అమ్మినా ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు తీర్పుకు కట్టుబడాల్సిందే.

నాన్నగారు ఆ కొనే ఆయన దగ్గర ఇప్పటికే అడ్వాన్సు తీసుకుని ఏదైనా కాగితం మీద సంతకం పెట్టారేమో ఈరోజే అడగండి. పెట్టి ఉంటే 2 ఎకరాలు ఇవ్వలేకపోయినా ఆయన వాటా మేరకైనా రిజిస్టర్ చేయమని కొనే ఆయన దావా వేసే వీలుంది. ఆ కాగితం నకలు చూడకుండా బాబాయితో, అత్తతో పంపకాల మాట మొదలుపెట్టకండి.